పది బటన్లూ 9 అంటున్నాయి. తప్పు లాంబ్డాదా, నాదా?

పదోబటన్
ఒక ప్రశ్న, ఒక గోడు.

ముందు ప్రశ్న. పైథాన్‌లో బటన్లూ కిటికీలూ తయారుచేసే టీకింటర్‌తో ఆఫీసు కోసం చిన్న టూల్ చేస్తున్నా. అందులో నంబర్ ప్యాడ్ కావాలి, 0 నుంచి 9 దాకా పది బటన్లు. ఒకే లైను పదిసార్లు రాయడం ఎందుకని లూప్ పెట్టాను. నొక్కినప్పుడు నడవడానికి లాంబ్డా, అంటే పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్, ఇచ్చాను. ఫోన్లోంచి టైప్ చేస్తున్నా, కోడ్ కూడా తెలుగులోనే వస్తోంది, సర్దుకుపోండి:

ఫర్ ఐ ఇన్ రేంజ్(10):
    బటన్(టెక్స్ట్=ఐ, కమాండ్=లాంబ్డా: చూపు(ఐ))

బటన్ల మీద అంకెలు సరిగ్గానే పడ్డాయి. కానీ ఏది నొక్కినా 9 వస్తోంది. 3 నొక్కితే 9, 0 నొక్కితే 9. లూప్ లోపల ప్రింట్ పెట్టి చూశాను, ఐ బుద్ధిగా మారుతూనే ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నా.

ఇక గోడు. ఇదే కోడ్ రివ్యూకి పంపితే మా సీనియర్ "లాంబ్డాలు వద్దు, పేరున్న ఫంక్షన్ రాయండి" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపారు. ఎందుకో చెప్పలేదు. ట్యుటోరియల్స్‌లో చూస్తే పేజీకి నాలుగు లాంబ్డాలు ఉంటాయి. ఊరూ పేరూ లేని ఫంక్షన్ రాయడం అంత తప్పా?

నల్‌పాయింటర్
9 నొక్కితే 9 వస్తోందిగా. పదిశాతం పనిచేస్తోంది. రిలీజ్ చేసెయ్యండి.

లూపులో_ఉన్నా
ఈ గుంతలో పడనివాళ్ళు లేరు, టెన్షన్ పడకండి.

లాంబ్డా పట్టుకునేది ఐ విలువను కాదు, ఐ అనే వేరియబుల్‌ను. లాంబ్డా రాసినప్పుడు దాని లోపలి కోడ్ నడవదు. "నన్ను పిలిచినప్పుడు ఐ ఎంతుందో అప్పుడు చూసుకుంటా" అనుకుని ఊరుకుంటుంది. మీరు బటన్ నొక్కేసరికి లూప్ ఎప్పుడో అయిపోయింది, ఐ 9 దగ్గర ఆగిపోయి ఉంది. పది లాంబ్డాలూ వెళ్ళి అదే తలుపు తడుతున్నాయి, లోపలి నుంచి అందరికీ ఒకటే జవాబు.

టెక్స్ట్=ఐ మాత్రం సరిగ్గా రావడానికి కారణం, అక్కడ విలువ అప్పటికప్పుడే తీసుకుని బటన్‌కి ఇచ్చేస్తున్నారు. వాయిదా లేదు.

నమ్మకం లేకపోతే లూప్ కింద, బయట, ఐ = 42 అని ఒక లైను రాసి నడపండి.

పదోబటన్
రాశా. పది బటన్లూ 42 అంటున్నాయి. ఇప్పుడు అర్థమైంది, అయినా కొంచెం భయమేస్తోంది. మరి ఎలా బాగుచెయ్యాలి?

ఇండెంట్_తప్పింది
ఒక్క చిన్న మార్పు:

లాంబ్డా ఐ=ఐ: చూపు(ఐ)

డిఫాల్ట్ విలువలను పైథాన్ ఫంక్షన్ తయారయ్యే క్షణంలోనే లెక్కకడుతుంది. కాబట్టి ఒక్కో లాంబ్డా తన ఐ ని జేబులో వేసుకుని వెళ్తుంది. అయిపోయింది, ఇంకేం చదవక్కర్లేదు.

పాతకాపు
ఇంకా చదవండి. అది దొడ్డిదారి. చదివేవాడికి ఐ=ఐ అంటే ఏంటో తెలియదు, అచ్చుతప్పు అనుకుని చెరిపేస్తాడు. మా టీమ్‌లో ఒకతను నిజంగానే చెరిపేశాడు, "శుభ్రం చేశాను" అని కమిట్ మెసేజ్ కూడా పెట్టాడు.

పైగా ఐ ఇప్పుడు మామూలు పారామీటర్ అయిపోయింది. ఎవరైనా ఆ ఫంక్షన్‌ని ఒక విలువ ఇచ్చి పిలిస్తే అది నేరుగా ఐ లోకి పోయి కూర్చుంటుంది. బటన్ కమాండ్ ఏమీ ఇవ్వకుండా పిలుస్తుంది కాబట్టి బతికిపోయారు.

నేనైతే పైథాన్‌తో వచ్చే ఫంక్‌టూల్స్ మాడ్యూల్లోని పార్షియల్ వాడతా, అది ఫంక్షన్‌కి విలువను ముందే జతచేసి ఉంచుతుంది: కమాండ్=పార్షియల్(చూపు, ఐ). లాంబ్డానే కావాలంటే దాన్ని తయారుచేసే ఫంక్షన్ ఒకటి:

డెఫ్ తయారుచెయ్(ఎన్):
    రిటర్న్ లాంబ్డా: చూపు(ఎన్)

తయారుచెయ్‌ని పిలిచిన ప్రతిసారీ కొత్త ఎన్ పుడుతుంది. పది లాంబ్డాలకు పది వేర్వేరు ఎన్‌లు. గొడవ లేదు.

ఇండెంట్_తప్పింది
దొడ్డిదారి అనేశారు గానీ, పైథాన్ సొంత డాక్యుమెంటేషన్‌లో, తరచూ అడిగే ప్రశ్నల పేజీలోనే ఈ పద్ధతి చెప్పారు.

పాతకాపు
చెప్పారు, కాదనను. ఆ కోడ్‌ని, కీ నొక్కినప్పుడు ఫంక్షన్‌ని పిలిచే టీకింటర్ బైండ్‌కి ఇచ్చి చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది.

పదోబటన్
అయ్యో, సరిగ్గా అదే చేసి వచ్చా. బటన్లు ఐ=ఐ తో బాగయ్యాయి. ఆ ఊపులో కీబోర్డు అంకెలకు కూడా అదే లాంబ్డాని బైండ్ చేశా. కీబోర్డు మీద 3 నొక్కితే తెర మీద 3 బదులు కీప్రెస్ ఈవెంట్ అంటూ చాంతాడంత లైను పడింది.

పాతకాపు
బైండ్ తన ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు ఈవెంట్ అనే వస్తువును చేతిలో పెట్టి పిలుస్తుంది. మీ లాంబ్డాకి ఉన్న మొదటి పారామీటర్ ఐ. దాచుకున్న 3 పోయి ఈవెంట్ వచ్చి చేరింది. లాంబ్డా ఈవెంట్, ఐ=ఐ: చూపు(ఐ) అని రాస్తే కుదురుతుంది.

ఇండెంట్_తప్పింది
సరే, ఈ రౌండ్ మీదే.

కర్లీబ్రేస్
ఇదే కోడ్ జావాస్క్రిప్ట్‌లో వార్‌తో (వేరియబుల్ ప్రకటించే పాత పదం) రాసుంటే మీకు 9 కూడా దక్కేది కాదు. అక్కడ ఐ ని 10 దాకా పెంచి, "10 కంటే తక్కువ కాదు" అని తేలాకే లూప్ ఆగుతుంది. పది బటన్లూ 10 అనేవి. నల్‌పాయింటర్ గారి పదిశాతం కూడా హుళక్కే.

2015లో వార్ బదులు వాడే లెట్ వచ్చాక బాధ తీరింది. లెట్‌తో రాసిన ఫర్ లూప్‌లో ప్రతి చుట్టుకీ కొత్త ఐ. అంతకుముందు మేం చేసిన సర్కస్ ఏంటంటే, లూప్ లోపల ఒక పేరులేని ఫంక్షన్ రాసి, దాని చుట్టూ బ్రాకెట్లు పెట్టి, అక్కడికక్కడే ఐ ఇచ్చి పిలిచేయడం. పాతకాపు గారి తయారుచెయ్ లాంటిదే, దానికి ఆ పేరు కూడా ఉండదు.

నల్‌పాయింటర్
పేరు పెట్టకముందే పిలిచేస్తారు, పిలిచాక మళ్ళీ పలకరించరు. ఏం బతుకు.

గోగోగో
గో భాషలో ఇది ఎంత కాలం ఏడిపించిందంటే, చివరికి భాషనే మార్చారు. 1.22 వెర్షన్, 2024 ఫిబ్రవరి. అప్పటి నుంచి ఫర్ లూప్‌లో ప్రతి చుట్టుకీ కొత్త వేరియబుల్. అంతకుముందు లూప్ మొదటి లైనులో ఐ := ఐ అని రాసుకునేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళు "ఇదేంటి, తనకి తనే సమానమా" అని నవ్వేవాళ్ళు.

పాత కోడ్ విరిగిపోకుండా, గో.మాడ్ ఫైల్లో 1.22 లేదా ఆపైన అని రాసుకున్న మాడ్యూల్స్‌కే కొత్త పద్ధతి వర్తిస్తుంది. కంపైలర్ కొత్తది వేసుకుని ఆ ఫైల్లో పాత నంబరే ఉంచితే పాత గుంత పదిలం. నాకెలా తెలుసని అడక్కండి.

షార్పుగా
సీ షార్ప్ వాళ్ళు ఈ పని 2012లోనే చేశారు, వెర్షన్ 5లో. కాకపోతే ఫర్‌ఈచ్‌కి మాత్రమే. మామూలు ఫర్ లూప్ ఇప్పటికీ పాతదారే. సగం గుంత పూడ్చి బోర్డు తీసేసినట్టు.

జావాజీవి
మా దగ్గర ఈ బగ్ రాయడమే కుదరదు. లాంబ్డా లోపల వాడే లోకల్ వేరియబుల్ ఒక్కసారి విలువ పెట్టాక మారకూడదు. మారితే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. లాంబ్డాలు మాకు ఆలస్యంగా, 2014లో జావా 8తో వచ్చాయి. ఆలస్యమైనా జాగ్రత్తగా వచ్చాయి.

పాతకాపు
ఆ జాగ్రత్తను తప్పించుకోడానికి ఒకే గడి ఉన్న అర్రే పెట్టి, సున్నాస్థానంలో లెక్క పెంచుకునే కోడ్ ఎవరిది మరి?

జావాజీవి
అది మా ఇంటి విషయం. బయట మాట్లాడకండి.

సెగ్‌ఫాల్ట్
మీరంతా 9 వచ్చింది, 10 వచ్చింది అంటున్నారు. ఏదో ఒక అంకె వచ్చింది కదా, సంతోషించండి. సీ ప్లస్ ప్లస్‌లో ఏం వస్తుందో దేవుడికి కూడా తెలియదు.

2011 ప్రమాణంతో మాకు లాంబ్డాలు వచ్చాయి. ఏ వేరియబుల్‌ని ఎలా పట్టుకోవాలో మనమే చదరపు బ్రాకెట్లలో చెప్పాలి. [=] అంటే కాపీ, [&] అంటే రిఫరెన్సు, కాపీ కాకుండా అసలుదాని చిరునామా. నేను ఒక ఫంక్షన్‌లో లోకల్‌గా మళ్ళీ ప్రయత్నించే సంఖ్య పెట్టుకుని, [&] తో లాంబ్డా రాసి టైమర్‌కి ఇచ్చాను. ఫంక్షన్ పని ముగించి వెళ్ళిపోయింది. రెండు సెకన్ల తర్వాత టైమర్ లాంబ్డాని పిలిచింది. అప్పటికి ఆ సంఖ్య ఉన్న చోటు ఇంకెవరిదో. నా మెషీన్‌లో, డీబగ్ బిల్డ్‌లో ప్రతిసారీ 3 అనే చూపించింది. రిలీజ్ బిల్డ్‌లో ఒకసారి సున్నా, ఒకసారి నాలుగు కోట్ల చిల్లర. నాలుగు కోట్లసార్లు మళ్ళీ ప్రయత్నించమని అవతలి సర్వర్‌ని మేం పీడించిన సంగతి వాళ్ళు ఫోన్ చేస్తే తెలిసింది.

ఆ తర్వాత [=] రాస్తే చాలనుకున్నా. క్లాస్ లోపల [=] రాస్తే సభ్య వేరియబుల్స్ కాపీ కావు, ఆబ్జెక్టు చిరునామా ఉన్న దిస్ అనే పాయింటర్ మాత్రమే కాపీ అవుతుంది. ఆబ్జెక్టు పోతే మళ్ళీ అదే కథ. 2020 ప్రమాణంలో అలా చెప్పకుండా దిస్‌ని పట్టుకోవడం వద్దని పక్కన పెట్టారు. ఇప్పుడు నేను ఒక్కో పేరూ విడివిడిగా రాస్తా. చేయి నొప్పెట్టినా సరే.

నల్‌పాయింటర్
నా పేరు పెట్టుకుని మీరు భయపెడుతున్నారు.

మబ్బులో_మనిషి
ఆగండాగండి. లాంబ్డా అంటే అమెజాన్ క్లౌడ్ సర్వీస్ కదా? ఇంత దూరం చదివాను, బిల్లు గురించి ఎవరూ మాట్లాడరేంటని.

లూపులో_ఉన్నా
అది 2014లో వచ్చింది, ఈ మాట అంతకంటే ఎనభై ఏళ్ళు పెద్దది.

పాతకాపు
మాట ఎత్తారు కాబట్టి చెప్తా. 1930లలో అలోంజో చర్చ్ అనే గణిత తర్కవేత్త ఫంక్షన్లను రాయడానికి లాంబ్డా అక్షరం వాడాడు. కంప్యూటర్లు ఇంకా లేవు. 1958లో జాన్ మెకార్తీ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టినప్పుడు, ఫంక్షన్‌ని ఇంకో ఫంక్షన్‌కి ఇవ్వాలంటే పేరు లేకుండా రాసే పద్ధతి కావాలని ఆ అక్షరాన్ని అరువు తెచ్చుకున్నాడు. చర్చ్ పుస్తకంలో మిగతాది తనకు అర్థం కాలేదని ఆయనే తర్వాత రాసుకున్నాడు. కాబట్టి పదోబటన్ గారూ, మీరేమీ సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో ముక్క. "లోపల వాడిన ఐ ఎక్కడి ఐ?" అనే మీ ప్రశ్న లిస్ప్ వాళ్ళనీ ఏళ్ళ తరబడి తిప్పలు పెట్టింది. మొదటి లిస్ప్‌లలో ఫంక్షన్‌ని ఎక్కడి నుంచి పిలిస్తే అక్కడి వేరియబుల్స్ దొరికేవి, రాసిన చోటివి కాదు. కోడ్‌నూ అది పుట్టిన చోటి వేరియబుల్స్‌నూ ఒక మూటగా కట్టాలన్న ఆలోచనకు పీటర్ లాండిన్ 1964లో క్లోజర్ అని పేరు పెట్టాడు. 1975లో స్కీమ్ భాష దాన్ని వాడుకలోకి తెచ్చింది. మీ పది బటన్లూ పది మూటలే. అయితే పది మూటల్లోనూ ఒకే ఐ ఉంది, అదీ చిక్కు.

మబ్బులో_మనిషి
అంటే బిల్లు లేదు. మంచిది.

రాత్రిడ్యూటీ
ప్రశ్నకు జవాబు వచ్చింది, గోడు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నేను మీ సీనియర్ పక్షం.

లాంబ్డా రాసేవాడు పగలు రాస్తాడు. అది పగిలితే చూసేవాణ్ణి నేను, రాత్రి రెండింటికి. ఎర్రర్ వచ్చినప్పుడు స్టాక్ ట్రేస్‌లో ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో పేర్లు ఉంటాయి. ఆర్డర్_చదువు, పన్ను_లెక్కించు అని ఉంటే సగం నిద్రలో కూడా దారి దొరుకుతుంది. ఒకసారి నాకు దొరికిన ట్రేస్‌లో వరసగా నాలుగు లైన్లు <లాంబ్డా>, <లాంబ్డా>, <లాంబ్డా>, <లాంబ్డా>. ఎవరింటికి వెళ్ళి ఎవర్ని లేపాలి?

లూపులో_ఉన్నా
ఫైలు పేరు, లైను నంబరు పక్కనే ఉంటాయి కదా. నాలుగు <లాంబ్డా>లు ఉన్నా లైన్లు వేరు.

రాత్రిడ్యూటీ
వేరుగా ఉంటే కదా. మ్యాప్ లోపల ఫిల్టర్, దాని లోపల సార్టెడ్, మూడింటికీ తలా ఒక లాంబ్డా, అంతా ఒకే లైనులో రాశాడు మహానుభావుడు. నాలుగింట్లో ఆ మూడు లాంబ్డాలకీ లైను నంబరు 118.

ఇండెంట్_తప్పింది
పైథాన్ 3.11 నుంచి లైనులో ఏ ముక్క దగ్గర తప్పిందో కింద గుర్తులు పెట్టి చూపిస్తోంది.

రాత్రిడ్యూటీ
మా సర్వర్ 3.8 మీద ఉంది. ఎందుకని అడిగితే ఇంకో చర్చ మొదలవుతుంది.

కర్లీబ్రేస్
జావాస్క్రిప్ట్‌లో ఈ బాధ కొంచెం తక్కువ. బాణం ఫంక్షన్‌ని (మా లాంబ్డా అదే) కాన్స్ట్‌తో ఒక పేరుకు కట్టేస్తే ఆ పేరే ఫంక్షన్ పేరవుతుంది, ట్రేస్‌లో కనిపిస్తుంది.

ఇండెంట్_తప్పింది
పైథాన్‌లో అలా కాదు. రెట్టింపు = లాంబ్డా ఎక్స్: ఎక్స్*2 అని రాసినా ట్రేస్‌లో <లాంబ్డా> అనే వస్తుంది. అందుకే పైథాన్ కోడ్ శైలి నియమాల పత్రం పెప్ 8 అలా రాయొద్దు, డెఫ్ వాడమంటుంది. పేరు పెట్టాలని ఉంటే పేరున్నదే రాయాలి. పేరు పెట్టిన అనామకుడంటే ఎటూ కాకుండా పోయినట్టు.

పెళపెళ
నా కేసు చెప్తా, పేరు లేకపోతే నష్టం డీబగ్గింగ్‌లోనే కాదు.

ఒక వెబ్ పేజీలో పాప్-అప్ తెరుచుకున్నప్పుడు కీబోర్డు వినడం మొదలుపెట్టాలి, ఎస్కేప్ నొక్కితే మూయాలి. మూసేటప్పుడు వినడం మానాలి. నేను తగిలించేటప్పుడు ఒక బాణం ఫంక్షన్ రాశా. తీసేటప్పుడు అక్షరం పొల్లుపోకుండా అదే బాణం ఫంక్షన్ మళ్ళీ రాశా. చూడ్డానికి రెండూ ఒకటే. బ్రౌజర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు వస్తువులు, రెండోది ఎప్పుడూ తగిలించనే లేదు. కాబట్టి తీసేదేమీ లేదనుకుని ఊరుకుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు.

పాప్-అప్ తెరిచి మూసిన ప్రతిసారీ పాత శ్రోత అలాగే ఉండిపోయింది. ఇరవైసార్లు తెరిచాక ఎస్కేప్ నొక్కితే మూసే కోడ్ ఇరవైసార్లు నడిచింది. మూయడంతో పాటు సర్వర్‌కి ఒక చిన్న కబురు కూడా పంపే పేజీ అది. ఆ కబుర్ల లెక్క చూసి పై వాళ్ళు "వాడకం బాగా పెరిగింది" అని మెచ్చుకున్నారు. రెండు వారాలు నోరు మూసుకుని ఉన్నా.

మందు ఏంటంటే ఫంక్షన్‌ని ఒక పేరులో దాచి, తగిలించేటప్పుడూ తీసేటప్పుడూ ఆ పేరే ఇవ్వడం.

నల్‌పాయింటర్
బగ్ సరిచేశాక వాడకం పడిపోయిందని మళ్ళీ మీటింగ్ పెట్టారా లేదా?

పెళపెళ
పెట్టారు.

డేటాకూలీ
నాదీ ఒకటి. పెద్ద ఫైళ్ళు తొందరగా అవ్వాలని మల్టీప్రాసెసింగ్ పూల్ పెట్టి, దాని మ్యాప్‌కి లాంబ్డా ఇచ్చా. పికిల్ చెయ్యలేనని మొండికేసింది. ఇంకో ప్రాసెస్‌కి ఫంక్షన్‌ని పంపేటప్పుడు పైథాన్ దాని కోడ్‌ని మూటకట్టి పంపదు. "ఫలానా మాడ్యూల్లో ఫలానా పేరుతో ఉంది, వెతుక్కో" అని చీటీ పంపుతుంది. చీటీ మీద <లాంబ్డా> అని ఉంటే అవతలివాడు ఎవర్ని వెతుక్కోవాలి?

డెఫ్‌గా మార్చి ఫైల్ పైభాగంలో పెట్టా, నడిచింది.

పదోబటన్
ఇవన్నీ చదివాక మా సీనియర్ మీద కోపం తగ్గింది. మరి లాంబ్డా అసలు ఎందుకుంది? ఎక్కడా వాడకూడదా?

లూపులో_ఉన్నా
వాడాలి. భయపడి మానేస్తే అది ఇంకో తప్పు. ఒక ఉదాహరణ. విద్యార్థుల జాబితా ఉంది, మార్కులు ఎక్కువ ఉన్నవాళ్ళు ముందు, మార్కులు సమానమైతే పేరు అక్షరక్రమంలో:

సార్టెడ్(జాబితా, కీ=లాంబ్డా వి: (-వి.మార్కులు, వి.పేరు))

దీన్ని డెఫ్‌గా రాస్తే పైన రెండు లైన్లు, దానికి మార్కులు_తగ్గుతూ_పేరు_పెరుగుతూ_కీ లాంటి పేరు. అంత చదివినా మళ్ళీ పైకి వెళ్ళి లోపల ఏముందో చూడాల్సిందే. లాంబ్డాలో విషయం అక్కడే, వాడిన చోటే కనిపిస్తోంది. పట్టుకున్న బయటి వేరియబుల్ లేదు. సార్టెడ్ దాన్ని వెంటనే పిలిచేస్తుంది, దాచుకుని తర్వాత పిలవదు. మీ బటన్ల గొడవకి ఇందులో తావే లేదు.

రాత్రిడ్యూటీ
దీనికి నేనూ చెయ్యెత్తుతా. ఒక లైను, ఒకచోట వాడకం, అక్కడే పిలుపు. ఇలాంటి లాంబ్డా నన్ను ఏ రాత్రీ లేపలేదు.

పాతకాపు
ఆపరేటర్ మాడ్యూల్లో అట్రిబ్యూట్ తీసిచ్చే ఫంక్షన్ రెడీమేడ్‌గా ఉంది, కానీ మైనస్ పెట్టాలంటే అది పనికిరాదు. ఇక్కడ లాంబ్డానే నయం. ఒప్పుకున్నా, రాసిపెట్టుకోండి.

ఇండెంట్_తప్పింది
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

ఇంకో సంగతి. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్‌కే లాంబ్డా అంటే పడదు. పైథాన్ 3లో లాంబ్డా, మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ తీసేద్దామని 2005లో రాశాడు. జనం ఊరుకోలేదు. చివరికి రెడ్యూస్ ఒక్కటే ఫంక్‌టూల్స్‌కి బదిలీ అయింది, మిగతా మూడూ ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పటికీ పైథాన్ లాంబ్డాలో ఒక్క వ్యక్తీకరణే పడుతుంది, వాక్యాలు పట్టవు.

కర్లీబ్రేస్
అదే పైథాన్ లాంబ్డాకి రక్షణ కూడా. మా బాణం ఫంక్షన్లు ఎనభై లైన్లు పాకుతాయి, లోపల ఇంకో మూడు బాణాలు. చివరికి వచ్చేసరికి ముగింపు బ్రాకెట్లు మెట్లలా దిగుతుంటాయి.

చిట్టాలెక్క
నేను ప్రోగ్రామర్ని కాదు, ఎక్సెల్‌తో బతికేవాణ్ణి. మీరు నవ్వినా సరే, మాకూ లాంబ్డా ఉంది, 2020 డిసెంబర్‌లో ప్రకటించారు. సెల్‌లో లాంబ్డా రాసి, పక్కనే బ్రాకెట్లో విలువ ఇస్తే అక్కడికక్కడే లెక్క కట్టి చూపిస్తుంది. మళ్ళీ మళ్ళీ వాడాలంటే నేమ్ మేనేజర్‌లోకి వెళ్ళి దానికి పేరు పెట్టాలి.

నల్‌పాయింటర్
పేరులేని ఫంక్షన్‌కి పేరు పెట్టే డిపార్ట్‌మెంట్. దీన్ని మించిన ఆఫీసు లేదు.

చిట్టాలెక్క
పేరు పెట్టాక అది తనని తాను పిలుచుకోగలదు కూడా. మ్యాక్రోలు లేకుండా అలా చెయ్యొచ్చని తెలిసిన రోజు నేను ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరికీ పట్టలేదు.

మళ్ళీమళ్ళీ
మంచి పాయింట్. పేరే లేనిది తనని తాను ఎలా పిలుచుకుంటుంది? జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ ఎక్స్‌ప్రెషన్‌కి లోపలికి మాత్రమే తెలిసే పేరు పెట్టొచ్చు. అదీ లేకపోతే ఫంక్షన్‌నే ఫంక్షన్‌కి పారామీటర్‌గా ఇచ్చే వై కాంబినేటర్ ఉంది. అది ఎలా పనిచేస్తుందో

పాతకాపు
వద్దు.

రాత్రిడ్యూటీ
వద్దు. ప్లీజ్.

మళ్ళీమళ్ళీ
సరే, వేరే రోజు.

పదోబటన్
అప్‌డేట్. సీనియర్‌ని నేరుగా అడిగాను. నేను ఉద్యోగంలో చేరకముందు అక్కడ ఎవరో షరతుల మీద షరతులు కుక్కి, లూపులో పుట్టించిన లాంబ్డాలను డిక్షనరీలో దాచి, ఎప్పుడో పిలిచారట. దాన్ని విప్పడానికి ఆయనకి వారం పట్టిందట. సార్ట్ కీలలో వాడితే అభ్యంతరం లేదన్నారు. "మరి రివ్యూలో అలా రాయొచ్చు కదండీ" అంటే నవ్వి ఊరుకున్నారు.

బటన్లకి పార్షియల్ పెట్టా. పదీ పది అంకెలు చెప్తున్నాయి. కీబోర్డుకి ఈవెంట్ తీసుకునే డెఫ్ ఒకటి రాశా. లాంబ్డాలు సున్నా.

కానీ ఇప్పుడు ఇంకో వింత. చెరిపే బటన్‌కి కూడా బుద్ధిగా పేరున్న ఫంక్షన్ రాసి ఇచ్చా:

కమాండ్=చెరుపు()

ప్రోగ్రాం తెరవగానే ఎవరూ నొక్కకుండానే చెరిపేస్తోంది. ఆ తర్వాత నొక్కితే ఉలకదు, పలకదు.

నల్‌పాయింటర్
దీనికి పేరుంది కదా, పేరు పెట్టి తిట్టండి.

లూపులో_ఉన్నా
బ్రాకెట్లు తీసెయ్యండి. చెరుపు అంటే ఫంక్షన్. చెరుపు() అంటే ఇప్పుడే పిలిచి, అది తిరిగిచ్చింది బటన్‌కి ఇచ్చినట్టు. అది తిరిగిచ్చేది ఏమీ లేదు, బటన్‌కి దక్కింది కూడా అదే.

పదోబటన్
తీశా. నొక్కితేనే చెరుపుతోంది. ఇప్పుడు ఆ ఫంక్షన్‌కి "ఒక్క అంకె చెరుపు" అని 1 పంపాలంటే బ్రాకెట్లు పెట్టాలి కదా, మళ్ళీ ముందే నడుస్తుంది కదా?

ఇండెంట్_తప్పింది
లాంబ్డా: చెరుపు(1)

రాత్రిడ్యూటీ
అక్కడ లూప్ లేదు, ఒకటే లైను. పోనివ్వండి.